అలమర మీది నీలం డబ్బా

రోస్విత కాగితం మీద పెట్టకుండా ఏ పనీ మొదలుపెట్టదు. ముప్ఫై నాలుగేళ్లు ఫుల్డాలో పిల్లలకు పాఠాలు చెప్పి రిటైరైనా ఆ బుద్ధి పోలేదు. ఆ డిసెంబరు శుక్రవారం పొద్దున కాఫీ కప్పు కింద పెట్టుకున్న కాగితం ప్రకారం మధ్యాహ్నానికల్లా వుర్ట్స్‌బుర్గ్‌లో మార్లీస్ ఇంట్లో ఉండాలి. శనివారం నూరెంబర్గ్‌లో గెర్లిందె ఇల్లు, ఆదివారం రేగెన్స్‌బుర్గ్‌లో ట్రౌడల్ ఇల్లు. ముగ్గురు స్నేహితురాళ్లు, మూడు ఊళ్లు, ఒకటే రైలు దారి. తలా ఒక డబ్బా క్రిస్మస్ బిస్కెట్లు.

ఈ నలుగురూ పందొమ్మిదో ఏట వుర్ట్స్‌బుర్గ్‌ టీచర్ ట్రైనింగు హాస్టల్లో ఒకే గదిలో ఉన్నవాళ్లు. ఇప్పుడు డెబ్బైకి దగ్గర పడ్డారు. మొగుళ్లు వచ్చారు, పిల్లలు పుట్టారు, మోకాళ్ల నొప్పులు పట్టుకున్నాయి, స్నేహం మాత్రం అలాగే ఉంది. పదకొండేళ్ల కిందట రోస్విత భర్త ఎగోన్‌కు గుండె ఆపరేషన్ అయితే, ఎవరూ పిలవకుండానే ముగ్గురూ వంతులేసుకుని తలా ఒక వారం ఫుల్డా వచ్చి వండిపెట్టారు. అలాంటి మనుషులు తనకు మరి లేరని రోస్వితకు బాగా తెలుసు.

తెలిసి కూడా ఆ నోట్‌బుక్కు రాసింది!

సంగతేమిటంటే, ఆ ముగ్గురూ కూడా ఏటా రోస్వితకు బిస్కెట్లు ఇస్తారు. ఆవిడ చేతికేమో ఎర్ర కలం అలవాటు. ఏం తిన్నా మార్కు వెయ్యకుండా ఉండలేదు. బళ్లో వేసినట్టే వేసేది, ఒకటి వస్తే పండగ, ఆరు వస్తే గోవిందా. పక్కన రెండు ముక్కల అభిప్రాయం, కింద తారీఖు. తారీఖు లేని మార్కు మార్కే కాదని ఆవిడ సిద్ధాంతం. అలా ముప్ఫై ఏళ్ల మార్కులు దిండులాంటి ఒక నోట్‌బుక్కులో చేరాయి. దాన్ని ఎవరి కంటా పడకుండా అలమర పైన ఒక నీలం బిస్కెట్ల డబ్బాలో దాచింది. బిస్కెట్ల డబ్బాలో బిస్కెట్లు తప్ప ఇంకేం ఉంటాయని ఎవరు వెతుకుతారు?

ఎవరూ వెతకలేదు. వెతక్కుండానే ఎగోన్ దాన్ని రంగు కాగితంలో చుట్టేశాడు.

ఈ విషయం శనివారం పొద్దున తొమ్మిదింటికి బయటపడింది. అప్పటికి రోస్విత ఒక డబ్బా మార్లీస్‌కు ఇచ్చేసి, రాత్రి వాళ్లింట్లో నిద్ర చేసి, నూరెంబర్గ్ రైల్లో కిటికీ పక్కన కూర్చుంది. బయట మంచు పడుతోంది. ఫోను మోగింది.

"రోస్వీ, వంటింట్లో ఒక డబ్బా ఉండిపోయిందే," అన్నాడు ఎగోన్.

"ఉండిపోవడమేంటి? మూడే చేశాను, మూడూ నువ్వే చుట్టిచ్చావు."

"మరి ఇందులో బిస్కెట్లున్నాయిగా."

"తిన్నావా?"

"అబ్బే! మూత తీసి చూశానంతే," అన్నాడు ఎగోన్ తొందరగా.

రోస్విత నిటారుగా కూర్చుంది. "ఎగోన్, నువ్వు చుట్టిన మూడూ ఎక్కడివి?"

"రెండు బల్ల మీదవి, ఒకటి అలమర పైది. అదేమిటి, చాటుగా పెట్టావు కదా, నాకు అందకుండా దాచావనుకున్నా. బరువు కూడా సరిగ్గా అంతే ఉంది. ఊపితే చప్పుడూ అదే."

రోస్విత ఫోను పెట్టేసి సంచిలో ఉన్న రెండు డబ్బాలూ బయటకు తీసింది. ఎగోన్ గడియారాలు బాగుచేసిన చేతులతో వేసిన ముడులవి. పళ్లతో పీకాల్సి వచ్చింది. మొదటి దాంట్లో బిస్కెట్లు. రెండో దాంట్లోనూ బిస్కెట్లే. అంటే మూడోది మార్లీస్ ఇంట్లో ఉంది. మార్లీస్ గురించి ఆ నోట్‌బుక్కులో మొదటి పేజీలోనే ఏముందో ఆవిడకు కంఠతా వచ్చు. "మార్లీస్ వనిల్లా నెలవంకలు: సిమెంటు. పన్ను జాగ్రత్త. ఐదు." కొంప మునిగింది అనుకుంది రోస్విత.

కిట్సింగెన్ స్టేషన్లో దిగిపోయి, వెనక్కెళ్లే రైలు కోసం ఇరవై నిమిషాలు మంచులో నిలబడి తనకు తాను ధైర్యం చెప్పుకుంది. క్రిస్మస్ ముందు ఇచ్చిన కానుకను ఇరవై నాలుగో తేదీ సాయంత్రం దాకా ఎవరూ విప్పరు. మార్లీస్ అసలే పద్ధతి మనిషి. ఏదో ఒక వంక పెట్టి డబ్బా మార్చేస్తే సరిపోతుంది. ఇచ్చిన కానుక తిరిగి అడగడం దొంగతనం కన్నా హీనం, కాబట్టి వంక గట్టిది దొరకాలి. వుర్ట్స్‌బుర్గ్ చేరేదాకా ఆలోచించినా ఒక్కటీ తట్టలేదు.

మార్లీస్ వాళ్ల గేటు పక్కనే పాత కాగితాలు పడేసే పెద్ద నీలం తొట్టి ఉంది. దాని మూత పూర్తిగా పడలేదు. సందులోంచి నక్షత్రాల కాగితం కనిపించింది. చక్కగా నాలుగు మడతలు పెట్టిన ఎగోన్ కాగితం. రోస్వితకు పై ప్రాణాలు పైనే పోయాయి. విప్పేసింది! ఇంకా పది రోజుల పైనే ఉండగా పద్ధతి మనిషి కాస్తా విప్పేసింది!

తలుపు తీసిన మార్లీస్ ముఖం తెల్లబోయింది.

"ఏమే, రైలు తప్పిందా?"

"కళ్లజోడు మర్చిపోయాను."

"ముక్కు మీదే ఉంది కదే."

రోస్విత ముక్కు తడుముకుంది. ఇంక అబద్ధం ఆడే ఓపిక లేదు. "కింద కాగితాల తొట్టి చూశాను, మార్లీస్."

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు మార్లీస్ రెండు చేతులతో చెంపలు పట్టుకుంది. ఎర్రగా కందిపోయింది. "అయ్యో! అయితే నీకు తెలిసిపోయిందన్నమాట."

"నీకూ తెలిసిపోయింది కదా."

"సిగ్గుతో చచ్చిపోతున్నానే, రోస్వీ."

"నువ్వెందుకు చావడం? చావాల్సింది నేను."

"అలా అనకు తల్లీ. నీ తప్పేముంది? ఎంత శ్రద్ధగా చేస్తావో మాకు తెలీదా? ఏటేటా కూర్చుని, ఒక్కొక్కళ్లనీ తలుచుకుని..." మార్లీస్ కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఇది దెప్పిపొడుపో ఔదార్యమో రోస్వితకు అర్థం కాలేదు. సిమెంటు అని రాసినదాన్ని పట్టుకుని శ్రద్ధ అంటుందేమిటి? "డబ్బా ఏదీ?" అంది నీరసంగా.

"మా ఆయన హెర్బర్ట్ పొద్దున్నే ఏదో పని మీద కారులో నూరెంబర్గ్ వెళ్లాడు. గెర్లిందెకి ఇచ్చేయమన్నాను."

"గెర్లిందెకా! దాన్ని పట్టుకెళ్లి గెర్లిందెకి ఇచ్చావా?"

రోస్విత గోడ పట్టుకుంది. గెర్లిందె పేజీ ఇంకా ఘోరం. "గెర్లిందె అల్లం రొట్టెలు: చెప్పు అడుగుకి కుట్టుకోవచ్చు. వానాకాలంలో బాగా పనికొస్తాయి. ఐదు." అల్లం రొట్టెలకే పేరుబడ్డ నూరెంబర్గ్ మనిషికి వాటి గురించి అంత మాటంటే ఇంటి పేరుని తిట్టినట్టే. మార్లీస్ తను చదివింది చాలక, చదువుకోమని ఆవిడకీ పంపిందన్నమాట.

"నిన్నీ స్థితిలో ఒక్కదాన్ని పంపను," అంది మార్లీస్ కోటు తొడుక్కుంటూ. "నేనూ వస్తాను. అందరం కూర్చుని మాట్లాడుకుందాం."

రైల్లో నూరెంబర్గ్ దాకా మార్లీస్ ఆవిడ చెయ్యి వదల్లేదు. మధ్యలో రెండుసార్లు తలుపు దగ్గరకెళ్లి ఫోన్లో గుసగుసలాడింది. "పాపం, పాలిపోయిందే... అంత మనసుకి తీసుకుంటుందనుకోలేదు..." అన్న ముక్కలు చెవిన పడ్డాయి. రోస్విత కుడితిలో పడ్డ ఎలుకలా ఒదిగి కూర్చుంది. తిట్టి ఉంటే బాగుండేది. యాభై ఏళ్ల స్నేహితురాలు, తన మీద అంత రాసినా చెయ్యి పట్టుకుని కూర్చుంది. ఇలాంటిదాన్నా నేను సిమెంటన్నది అనుకుంటే ఆవిడకు ఏడుపు ముంచుకొచ్చింది.

నూరెంబర్గ్ ప్లాట్‌ఫారం మీద గెర్లిందె చేతిరుమాలుతో సిద్ధంగా నిలబడి ఉంది. రైలు ఆగీ ఆగకముందే వచ్చి రోస్వితను కావలించుకుంది.

"మార్లీస్ అంతా చెప్పిందే. మమ్మల్ని క్షమించు. నీకు ముందే చెప్పాల్సింది. ముగ్గురికీ ధైర్యం చాల్లేదు."

"ముగ్గురికీనా?" అంది రోస్విత. "ట్రౌడల్‌కి కూడా తెలుసా?"

"తెలీకపోవడమేంటి, మొదలెట్టిందే తను."

"ఎప్పట్నుంచి తెలుసు?"

గెర్లిందె తల దించుకుంది. "ఎగోన్ ఆపరేషన్ అయిన ఏటి నుంచి."

రోస్వితకు కళ్ల ముందు తమ వంటిల్లు మెదిలింది. ఆపరేషన్ అయిన ఏడు! ముగ్గురూ వంతులేసుకుని వచ్చి వండిపెట్టిన ఏడు! అలమర పైన దుమ్ము పేరుకుందని స్టూలు వేసుకుని తుడిచింది ట్రౌడలే కదా. అంటే పదకొండేళ్లుగా ముగ్గురికీ తెలుసు. తెలిసీ ఏటా నవ్వుతూ బిస్కెట్లు తెచ్చిచ్చారు. తను వాటిని తిని, ఇంటికెళ్లి, మళ్లీ మార్కులు వేసింది.

"డబ్బా ఇవ్వవే, గెర్లిందె. నేను కాల్చేస్తాను," అంది రోస్విత.

"అదింకా ఎక్కడుందే! మా కోడలు రేగెన్స్‌బుర్గ్ వెళ్తుంటే దాని చేతికిచ్చి పంపేశా. రేపు చర్చిలో లాటరీ కదా, ట్రౌడల్ బహుమతుల బల్ల మీద పెట్టాలంది."

"లాటరీలోనా? చర్చిలోనా? అందరి ముందా?"

"మంచి పనికేనే," అని మార్లీస్ సముదాయించింది. "పైకప్పు బాగుచేయించడానికి. పాదిరీగారే స్వయంగా చీటీ తీస్తారు."

రోస్విత అక్కడే బల్ల మీద కూలబడింది. ముప్ఫై ఏళ్ల తన చేతిరాత, పేర్లతో, తారీఖులతో సహా, రేపు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషికి బహుమతిగా పోబోతోంది. పాదిరీగారు మూత తీసి ఒక పేజీ చదివినా చదువుతారు. ఇంతకన్నా పెద్ద ప్రతీకారం ఎవరైనా తీర్చుకోగలరా? వీళ్లేమో అంత పని చేస్తూ, చలిగా ఉందని ఆవిడ మెడకు మఫ్లరు చుడుతున్నారు.

గెర్లిందె కూడా రైలెక్కింది. నాయ్‌మార్క్ట్ దాటాక పట్టాల మీద మంచు పేరుకుందని నలభై నిమిషాలు ఆపేశారు. మార్లీస్ సాసేజ్ రొట్టె తీసి "తినవే, పొద్దుట్నుంచి ఏం తినలేదు" అంటే రోస్విత తల అడ్డంగా ఊపింది. నలభై నిమిషాలూ ఒకటే లెక్క: ఏ మాటతో మొదలుపెట్టాలి, ఎవరికి ముందు చెప్పాలి, చెప్పాక ఈ ముగ్గురిలో ఒక్కరైనా మిగులుతారా? మిగలకపోతే వచ్చే డిసెంబరులో తనకు కాగితం మీద రాసుకోవడానికి ఏముంటుంది? ఎగోన్‌కు మందులు, తనకు మోకాళ్లకు కట్టు, అంతే కదా అనుకుంది.

రేగెన్స్‌బుర్గ్‌లో ట్రౌడల్ తలుపు బార్లా తీసి పెట్టింది. ఊరంత గొంతు ఆవిడది. "రండ్రండి! బూట్లు అక్కడే విప్పండి, నేలంతా తడి చెయ్యకండి. రోస్వీ, మొహం అలా పెట్టకే, దీనికి ఎవరూ చచ్చిపోరు!"

వంటింటి బల్ల మీద కాఫీ పెట్టి ఉంది. క్రిస్మస్ ముందు ఆదివారానికొకటి చొప్పున వెలిగించే కొమ్మల చక్రం మీద రెండు కొవ్వొత్తులు సగం కాలి ఉన్నాయి, మూడోది రేపటిది. దాని పక్కనే, మార్లీస్ ఇంటి ఆకుపచ్చ కాగితంలో, నీలం డబ్బా ఉంది. పైన లాటరీ చీటీ అంటించి ఉంది: నలభై ఏడు.

అంతా కూర్చున్నారు. రోస్విత కూర్చోలేదు. బల్ల అంచు పట్టుకుని, బళ్లో మొదటి రోజు నిలబడ్డట్టు నిలబడింది.

"ట్రౌడల్, ఆగు. ఎవరూ ఏం అనకండి. ముందు నన్ను చెప్పనివ్వండి," అంది. "నేను చేసింది క్షమించరాని పని. పదకొండేళ్లుగా తెలిసీ మీరు ఒక్క మాట అనలేదు. మార్లీస్, నీ నెలవంకలు సిమెంటని రాయడం నా అహంకారం. గెర్లిందె, చెప్పు అడుగు అన్నందుకు నన్ను చెప్పుతోనే కొట్టు. ట్రౌడల్, నీ దాల్చినచెక్క నక్షత్రాలు తింటే బూజు పట్టిన పుస్తకం అట్ట వాసనొస్తోందన్నాను, ఎన్నోసార్లు అన్నాను. ఇవన్నీ ఎర్ర కలంతో రాశాను. నాకు మీరు తప్ప ఎవరూ లేరే. లాటరీలో మాత్రం పెట్టకండి."

ముగ్గురూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"ఏ సిమెంటు?" అంది మార్లీస్.

"చెప్పు అడుగేమిటే?" అంది గెర్లిందె.

"ఎక్కడ రాశావు?" అంది ట్రౌడల్.

నోట్లో వెలక్కాయ పడ్డట్టయింది రోస్వితకు. "నోట్‌బుక్కులో. మీరు చదివారు కదా. డబ్బాలో ఉంది కదా."

ట్రౌడల్ ఇంకో మాట మాట్లాడకుండా ఆకుపచ్చ కాగితం చింపి మూత తీసింది. లోపల ఒక్క బిస్కెట్టూ లేదు. దిండులాంటి నోట్‌బుక్కు, పైన ఎర్ర కలం.

"మీరు తెరవలేదా?" అంది రోస్విత. "మార్లీస్, నువ్వు కాగితం విప్పావు కదే!"

"పై కాగితం మార్చానే, మూత జోలికి పోలేదు," అంది మార్లీస్ నెమ్మదిగా. "నీ కాగితంతో పంపితే గెర్లిందె వాళ్ల వీధిలో నువ్వు చూస్తావేమోనని..."

"మరి దేనికి సిగ్గుతో చచ్చిపోతున్నానన్నావు?"

చివరికి ట్రౌడలే గుండె చిక్కబట్టుకుంది. "రోస్వీ, ఎగోన్ ఆపరేషన్ అయ్యాక డాక్టరు చక్కెర మానేయమన్నాడు చూడు. అప్పట్నుంచి నువ్వు ముడిగోధుమ పిండీ, కేరట్ తురుమూ వేసి చేస్తున్నావు. మొదటి ఏడు మేం తిన్నాం. రెండో ఏటి నుంచి వీళ్లిద్దరూ నీ డబ్బాలు నాకు పంపేస్తారు, నేను మూడూ చర్చి లాటరీలో పెట్టేస్తాను. పదకొండేళ్లుగా నీ డబ్బా మూత మేమెవ్వరం తియ్యలేదే. నిరుడు గెలిచినాయన సాయంత్రానికల్లా వెనక్కి తెచ్చిచ్చాడు. నువ్వీ రోజు నోరు విప్పకుండా ఉంటే మాకు ఈ జన్మలో తెలిసేది కాదు."

రోస్విత అప్పుడు కూర్చుంది. గండం గడిచిందని ఒక పక్క ఊపిరి వచ్చింది, ఇంకో పక్క ఆ ఊపిరే మంటలా ఎగదన్నింది. "పదకొండేళ్లా!" అంది. "ఇలాంటివి ఇంకెక్కడా దొరకవని ఏటా అనేవాళ్లు!"

"నిజమే కదే, దొరకవు," అంది గెర్లిందె.

"కేరట్ తురిమి తురిమి నా వేళ్లు తెగిపోయాయి! పైకప్పుకి వేశారా నా బిస్కెట్లని?"

"నువ్వు మాత్రం నన్ను చెప్పు చేశావు కదా!" గెర్లిందె గొంతు కూడా లేచింది. "మా అమ్మమ్మ నాటి పాకం అది!"

ఈ లోపల ట్రౌడల్ కళ్లజోడు పెట్టుకుని నోట్‌బుక్కు తిరగేస్తోంది. ఉన్నట్టుండి కిసుక్కుమని నవ్వి బిగ్గరగా చదివింది. "'ట్రౌడల్ నక్షత్రాలు: అద్భుతం. ఈ చేతికి దండం పెట్టాలి. ఒకటి.' ఇది ఏ ఏడే? తొంభై నాలుగు. ఆ ఏడు నా చెయ్యి విరిగితే మా సందు చివర బేకరీలో కొన్నానే!"

మార్లీస్ ముందు నవ్వింది. కాఫీ పొలమారింది. తర్వాత గెర్లిందె నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టుకుంది. రోస్విత బిగుసుకుని కూర్చుందామనుకుంది కానీ, పొద్దుట్నుంచి పట్టి ఉంచిన ఏడుపంతా నవ్వై బయటపడింది. నవ్వుతూనే ఏడ్చింది. ముగ్గురూ చుట్టూ చేరి వీపు నిమిరారు. ముగ్గురూ మిగిలారు, అది చాలనుకుంది.

"సరే, న్యాయం న్యాయమే," అంది ట్రౌడల్ కళ్లు తుడుచుకుంటూ. "నీ సంచిలో ఇంకా రెండు డబ్బాలున్నాయి కదా. తియ్యి."

రోస్విత తీసింది. పదకొండేళ్ల తర్వాత మొదటిసారి ముగ్గురూ తలా ఒక బిస్కెట్టు తీసుకుని కొరికారు. నమిలారు. ఇంకా నమిలారు. మార్లీస్ కాఫీ తాగి మళ్లీ నమిలింది. ఎవరూ ఎవరి కళ్లలోకీ చూడలేదు.

ట్రౌడల్ ఎర్ర కలం మూత తీసి, నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పి, మిగతా ఇద్దరితో చెవిలో సంప్రదించి, గుండ్రని అక్షరాలతో రాసింది. "రోస్విత కేరట్ బిస్కెట్లు: ఎగోన్ దేవుడు. ఆరు." ఒకసారి స్నేహితురాలి మొహంలోకి చూసి, ఆరు కొట్టేసి ఐదు చేసింది. నోట్‌బుక్కు ఇటు తిప్పి బల్ల మీద నుంచి తోసింది.

రోస్విత రెండుసార్లు చదివింది. కళ్లజోడు సర్దుకుని, నోట్‌బుక్కు మళ్లీ ట్రౌడల్ ముందుకే తోసి, "తారీఖు వెయ్యలేదు," అంది.